రెండు 6వి6 ట్యూబుల యాంప్‌కు అటెన్యుయేటర్: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: ఎంత తగ్గించాలి

నేను కట్టుకున్న గిటార్ యాంప్లిఫయర్ ఫెండర్ డీలక్స్ వరుసలోది. అవుట్‌పుట్‌లో రెండు 6వి6 ట్యూబులు, స్వల్పంగా నెగటివ్ ఫీడ్‌బ్యాక్, వెనక తెరిచి ఉన్న క్యాబినెట్‌లో పన్నెండు అంగుళాల సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ స్పీకరు ఒకటి ఉన్నాయి. స్పీకరు స్థానంలో 8 ఓమ్‌ల రెసిస్టరు తగిలించి, 1 కిలోహెర్ట్జ్ సైన్ తరంగాన్ని క్లిప్ అయ్యే (తరంగం శిఖరాలు తెగిపోయే) అంచు దాకా పెంచి కొలిస్తే 12 వోల్టులు వచ్చాయి. అంటే 18 వాట్లు. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో 98 డెసిబెల్స్ వినిపిస్తుందని ఆ స్పీకరు తయారీదారు పత్రంలో ఉంది. 18 వాట్లకు దానికి మరో పన్నెండున్నర కలుస్తుంది కాబట్టి మొత్తం 110 దాటుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. ఆ హద్దు బయటి వాతావరణానికి సంబంధించినదే తప్ప గదిలో మీటరు దూరంలో కొలిచేది కాదు. అయినా హైదరాబాదులో గోడకు గోడ ఆనుకుని ఉన్న ఫ్లాట్‌లో 110 డెసిబెల్స్ మోగించడం ఎంత అసాధ్యమో చెప్పడానికి ఆ అంకెలు చాలు. గదిలో 80 చుట్టూ ఉంటే పక్కింటివారికి ఇబ్బంది లేకుండా వాయించుకోవచ్చని నా అంచనా. అందుకు దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించాలి, అంటే స్పీకరుకు చేరే శక్తిని 18 వాట్ల నుంచి 18 మిల్లీవాట్లకు దించాలి.

వాల్యూమ్ నాబ్ తిప్పితే సరిపోదా అని అడిగేవారికి ఒక మాట. ఈ తరహా యాంప్‌లో మనం కోరుకునే స్వరం ప్రీయాంప్‌లో మాత్రమే పుట్టదు. ఫేజ్ ఇన్వర్టర్, అవుట్‌పుట్ ట్యూబులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, గట్టిగా మీటినప్పుడు కాస్త కుంగి మళ్లీ లేచే విద్యుత్ సరఫరా, ఇవన్నీ నిండుగా పనిచేస్తేనే అది వస్తుంది. అందుకే యాంప్‌ను నిండుగా పనిచేయనిచ్చి, దానికీ స్పీకరుకూ మధ్య శక్తిని వేడిగా మార్చేసే పరికరం పెట్టాలి. మొత్తం శక్తిని మింగేసి స్పీకరుకు ఏమీ ఇవ్వనిదాన్ని లోడ్ బాక్స్ అంటాం. కొంత మింగి కొంత స్పీకరుకు వదిలేదాన్ని అటెన్యుయేటర్ అంటాం.

ఈ పనికి దిగే ప్రతి ఒక్కరూ ముందుగా తెలుసుకోవలసినది ఒకటుంది. ట్యూబ్ యాంప్‌ను లోడ్ (స్పీకరు గానీ దాని బదులు రెసిస్టరు గానీ) లేకుండా మోగించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో స్పీకరు వైపు చుట్ట (సెకండరీ) తెగి ఉంటే ట్యూబుల వైపు చుట్టలో (ప్రైమరీలో) నిల్వ ఉన్న శక్తికి దారి దొరకదు. వోల్టేజి విపరీతంగా ఎగసి ట్యూబు సాకెట్ మీద నిప్పురవ్వలు లేస్తాయి, లేదా ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్ చిల్లుపడుతుంది. ట్రాన్సిస్టర్ యాంప్‌లకు షార్ట్ సర్క్యూట్ ప్రమాదమైతే, ట్యూబ్ యాంప్‌లకు లోడ్ తెగిపోవడం అంతకంటే ప్రమాదం. ఫెండర్ యాంప్‌లలో స్పీకరు ప్లగ్గు తీయగానే అవుట్‌పుట్‌ను షార్ట్ చేసే జాక్ పెట్టింది ఇందుకే.

మార్చి: మార్కెట్లో ఉన్న దారులు

ఈ పరికరాలకు చాలా చరిత్ర ఉంది. బోస్టన్ అనే రాక్ బృందపు గిటారిస్టు, ఎంఐటీలో చదివిన ఇంజనీరు టామ్ షోల్జ్ 1980ల ఆరంభంలో పవర్ సోక్ పేరుతో ఒకదాన్ని అమ్మకానికి తెచ్చాడు. అది రెసిస్టర్ల మీద ఆధారపడినది. తర్వాత వచ్చిన టీహెచ్‌డీ హాట్ ప్లేట్‌ను ఒక్కో ఇంపిడెన్స్‌కు (ఏసీ సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం, ఓమ్‌లలో) ఒక్కో మోడల్ చొప్పున అమ్మారు. వెబర్ మాస్‌లో కోన్ లేని నిజమైన స్పీకరు మోటారునే లోడ్‌గా వాడారు, వాయిస్ కాయిల్ అయస్కాంతంలో కదులుతుంది కాబట్టి యాంప్‌కు అచ్చం స్పీకరులాగే కనిపిస్తుంది. టూ నోట్స్ కాప్టర్ 100 వాట్ల రియాక్టివ్ (స్పీకరులాగే ఫ్రీక్వెన్సీని బట్టి ఇంపిడెన్స్ మారే) లోడ్ బాక్స్, 4, 8, 16 ఓమ్‌లకు వేర్వేరుగా దొరుకుతుంది, స్పీకరు వైపు స్థిరంగా 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది. సుర్ రియాక్టివ్ లోడ్ 8 ఓమ్‌లది, రికార్డింగ్ కోసమే చేసినది, స్పీకరుకు తగ్గించి పంపే సౌకర్యం అందులో లేదు. ఫ్రయెట్ పవర్ స్టేషన్, బాస్ వాజా ట్యూబ్ యాంప్ ఎక్స్‌పాండర్ మరో దారిలో వెళ్లాయి. అవి యాంప్ శక్తినంతా లోడ్‌లో మింగి, అందులోంచి చిన్న సిగ్నల్ తీసుకుని, తమ సొంత పవర్ యాంప్‌తో స్పీకరును కావలసినంత చిన్నగానో పెద్దగానో నడుపుతాయి.

కొనుగోలు సలహాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: యాంప్‌కు ఏం కనిపిస్తోంది? ఇంపిడెన్స్ సరిపోయిందా, వాట్లు సరిపోయాయా, లోడ్ రెసిస్టివా రియాక్టివా అని చూసి ఆగిపోతారు. స్పీకరుకు ఏం కనిపిస్తోంది అన్నది అంతే ముఖ్యమైన ప్రశ్న. చవక అటెన్యుయేటర్ పెట్టగానే స్వరం దుప్పటి కప్పినట్టు అయిపోయిందని చాలామంది ఫిర్యాదు చేస్తారు, దాని మూలం ఎక్కువగా ఈ రెండో ప్రశ్నలోనే ఉంది. ఈ ప్రాజెక్టులో నేను తేల్చుకోదలచింది అదే.

మార్చి చివర: రెండు ఇంపిడెన్స్‌ల కొలత

ముందుగా స్పీకరు. తెలిసిన విలువ గల రెసిస్టరును సిరీస్‌లో పెట్టి, సౌండ్ కార్డుతో ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంపిడెన్స్ గీత తీశాను. పేరుకు 8 ఓమ్‌ల స్పీకరు అయినా ఆ విలువ గీతలో రెండు మూడు చోట్ల మాత్రమే తగులుతుంది. డీసీ రెసిస్టెన్స్ ఆరున్నర ఓమ్‌ల చుట్టూ ఉంది. 85 హెర్ట్జ్ దగ్గర, కోన్ తన సహజ కంపనంలోకి వెళ్లిన చోట, ఇంపిడెన్స్ 60 ఓమ్‌ల దాకా లేచింది. 400 హెర్ట్జ్ దగ్గర అది ఏడున్నరకు పడిపోయి, అక్కడి నుంచి వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మెల్లగా పెరుగుతూ 5 కిలోహెర్ట్జ్ దగ్గర 25 ఓమ్‌లకు చేరింది.

తర్వాత యాంప్. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ తెలుసుకోవడానికి మల్టీమీటరు ఒకటి, రెసిస్టర్లు రెండు ఉంటే చాలు. క్లిప్పింగ్‌కు చాలా దిగువన ఉండే చిన్న సిగ్నల్ ఇచ్చి, 8 ఓమ్‌ల లోడ్ మీద సరిగ్గా 1 వోల్టు వచ్చేలా సర్దాను. మరే నాబూ ముట్టకుండా, యాంప్‌ను ఆపి లోడ్‌ను 16 ఓమ్‌లకు మార్చి మళ్లీ చూస్తే 1.55 వోల్టులు వచ్చాయి. ఆ రెండు అంకెలతో లెక్క వేస్తే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 20 ఓమ్‌లకు కొద్దిగా తక్కువ. హైఫై ట్రాన్సిస్టర్ యాంప్‌లలో ఈ విలువ ఓమ్‌లో చిన్న భాగం మాత్రమే ఉంటుంది. గిటార్ ట్యూబ్ యాంప్‌లో ఇది స్పీకరు ఇంపిడెన్స్ కంటే ఎక్కువ కాబట్టి, స్పీకరు ఇంపిడెన్స్ ఎక్కడ లేస్తే అక్కడ స్పీకరు మీది వోల్టేజి కూడా లేస్తుంది. నా అంకెలతో, ఫేజ్‌ను పక్కనపెట్టి ఉజ్జాయింపుగా చూస్తే, 85 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెల్స్ పైచిలుకు, 5 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుదల వస్తుంది. మనం ట్యూబ్ యాంప్ నిండుదనం, మెరుపు అని మెచ్చుకునేదానిలో చాలా భాగం ఈ పెరుగుదలే.

ఏప్రిల్: ఎల్-ప్యాడ్ పరీక్ష

అందరికీ తెలిసిన వలయంతో మొదలుపెట్టాను. 10 డెసిబెల్స్ తగ్గించే 8 ఓమ్‌ల ఎల్-ప్యాడ్‌కు (రెండు రెసిస్టర్ల అటెన్యుయేటర్‌కు) లెక్క ప్రకారం సిరీస్‌లో 5.47, స్పీకరుకు సమాంతరంగా 3.70 ఓమ్‌లు కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన 5.6, 3.9 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్లతో కట్టాను. యాంప్‌కు 8.2 ఓమ్‌లు కనిపిస్తాయి, తగ్గుదల 9.9 డెసిబెల్స్. యాంప్ వైపు నుంచి చూస్తే ఇందులో లోపం లేదు.

స్పీకరు వైపు నుంచి చూస్తే సంగతి వేరు. యాంప్ తాలూకు 20 ఓమ్‌లకు 5.6 కలిపి, దానికి సమాంతరంగా 3.9 పెడితే, స్పీకరుకు కనిపించే మూల ఇంపిడెన్స్ 3.4 ఓమ్‌లకు పడిపోతుంది. 20 ఓమ్‌ల మూలం నుంచి నడిచే స్పీకరు ఇప్పుడు 3.4 ఓమ్‌ల మూలం నుంచి నడుస్తోంది. 85 హెర్ట్జ్ దగ్గరి పెరుగుదల 8 డెసిబెల్స్ నుంచి రెండున్నరకు, పైన 5 కిలోహెర్ట్జ్ దగ్గరిది 6 నుంచి రెండుకు దిగిపోయాయి. స్పీకరు తీగల మీద కొలిచిన గీత లెక్కకు దగ్గరగానే వచ్చింది. చెవికి కూడా అదే తెలిసింది. కింది తీగల మీద మందం పోయింది, పైతీగల మీద పదును పోయింది, మధ్య స్థాయి మాత్రం ముందుకు వచ్చి ముక్కుతో పాడినట్టు వినిపించింది. చెవి తక్కువ శబ్దంలో బాస్‌ను, పై స్థాయిని తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. ఆ ప్రభావం ఎలాగూ ఉంటుంది, దాని మీద ఈ ఎల్-ప్యాడ్ నష్టం అదనంగా చేరింది. చెవిని మార్చలేం, వలయాన్ని మార్చవచ్చు.

ఏప్రిల్ చివర: మూడు రెసిస్టర్ల వలయం

పరిష్కారం సూత్రప్రాయంగా సులువైనది. సమాంతర రెసిస్టరు తర్వాత, స్పీకరుకు ముందు, మరో సిరీస్ రెసిస్టరు పెడితే స్పీకరుకు కనిపించే మూల ఇంపిడెన్స్ మళ్లీ పైకి లేస్తుంది. యాంప్‌కు 8 ఓమ్‌లు, స్పీకరుకు 20 ఓమ్‌లు కనిపించేలా విలువలు వెదికి ఇలా కుదుర్చుకున్నాను: ఇన్‌పుట్ సిరీస్‌లో 1.5 ఓమ్‌లు, సమాంతరంగా 9 ఓమ్‌లు, స్పీకరు సిరీస్‌లో 15 ఓమ్‌లు. రెండు 18 ఓమ్‌ల రెసిస్టర్లను సమాంతరంగా కలిపితే ఆ 9 వస్తుంది, వేడి కూడా రెండింటి మీదికి పంచుకుంటుంది.

లెక్క సరిచూసుకుందాం. 15కు స్పీకరు 8 కలిపితే 23, దానికి 9 సమాంతరమైతే దాదాపు 6.5, దానికి 1.5 కలిస్తే 8. తగ్గుదల 11 డెసిబెల్స్. స్పీకరు వైపు నుంచి వెనక్కి చూస్తే 21.5కు 9 సమాంతరం, దానికి 15 కలిపి, 21 ఓమ్‌ల పైచిలుకు. యాంప్ సొంత ఇంపిడెన్స్‌కు ఇది ఇంచుమించు సమానం. స్పీకరు మీద కొలిచిన గీత అటెన్యుయేటర్ లేనప్పటి గీతకు సమాంతరంగా, 11 డెసిబెల్స్ దిగువన పరుచుకుంది. ఇందులో కాయిల్ లేదు, కెపాసిటర్ లేదు, ఉన్నవన్నీ రెసిస్టర్లే. రెసిస్టివ్ అటెన్యుయేటర్ అనగానే స్వరం చచ్చిపోతుందని తీర్పు చెప్పేవారు ఈ వలయాన్ని ఒకసారి కట్టి వినాలని నా మనవి.

దీనికి మరో గుణం ఉంది. స్పీకరు తీగ ఊడిపోతే యాంప్‌కు 10.5 ఓమ్‌లు, స్పీకరు వైపు షార్ట్ అయితే 7.1 ఓమ్‌లు కనిపిస్తాయి. రెండూ క్షేమమే. పైగా ఈ మెట్టు స్పీకరుకు చూపించేది మళ్లీ 21 ఓమ్‌లే కాబట్టి, దీని వెనక ఇదే మెట్టును మళ్లీ పెట్టవచ్చు, మూల ఇంపిడెన్స్ చెదరదు. 11 డెసిబెల్స్ మెట్లు రెండు, వాటితోపాటు సమాంతరంగా 15, సిరీస్‌లో 10 ఓమ్‌లతో 7 డెసిబెల్స్ మెట్టు ఒకటి కట్టాను. స్విచ్‌లతో 11, 18, 22, 29 డెసిబెల్స్ తగ్గుదల ఎంచుకోవచ్చు.

అన్నీ పక్కకు తప్పించే బైపాస్ స్విచ్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. స్విచ్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారే క్షణంలో ఏ కాంటాక్టూ అంటుకుని ఉండదు, ఆ క్షణంలో యాంప్‌కు లోడ్ ఉండదు. అందుకే ఇన్‌పుట్ జాక్ మీదే 330 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టరును శాశ్వతంగా సోల్డర్ చేశాను. మామూలుగా అది అర వాట్ కూడా తినదు. అయినా యాంప్‌ను స్టాండ్‌బైలో పెట్టాకే ఆ స్విచ్ తిప్పాలన్న నియమం అలాగే ఉంచుకున్నాను.

మే: వేడి

18 వాట్లన్నది శుద్ధమైన సైన్ తరంగానికి చెల్లే అంకె. యాంప్‌ను పూర్తిగా తిప్పేస్తే తరంగం చతురస్రానికి దగ్గరవుతుంది, శక్తి సిద్ధాంతరీత్యా రెట్టింపు దాకా పోవచ్చు. కాబట్టి లోడ్‌ను యాంప్ వాట్లకు కనీసం రెట్టింపుకు లెక్క వేయాలి. 18 వాట్ల దగ్గర మొదటి మెట్టులో 1.5 ఓమ్‌ల రెసిస్టరు మూడున్నర వాట్లు, 9 ఓమ్‌ల జంట పదిన్నర, 15 ఓమ్‌లది రెండున్నర పైన మింగుతాయి, స్పీకరుకు ఒకటిన్నర కంటే తక్కువ చేరుతుంది. రెండో మెట్టుకు వచ్చేసరికి మిగిలేది ఆ ఒకటిన్నర వాట్లే కాబట్టి అక్కడ చిన్న రెసిస్టర్లు సరిపోతాయి.

అల్యూమినియం కవచం ఉన్న రెసిస్టరు మీద 50 వాట్లు అని ముద్రించి ఉంటుంది. తయారీదారు చెప్పిన కొలతల హీట్‌సింక్‌కు బిగించినప్పుడే అది నిజం. గాలిలో వేలాడదీస్తే అందులో సగానికి తక్కువే భరిస్తుంది. పెట్టె పైకప్పుకు రెక్కల హీట్‌సింక్ బిగించి, రెసిస్టర్ల కింద పలుచగా థర్మల్ పేస్ట్ రాసి, అడుగున గాలి రంధ్రాలు తీశాను. గదిలో ఉష్ణోగ్రత 38 డిగ్రీలున్న మధ్యాహ్నం, యాంప్‌ను పూర్తిగా తిప్పి ఆపకుండా వాయిస్తే హీట్‌సింక్ 70 డిగ్రీల దగ్గర నిలకడైంది. చెయ్యి పెట్టలేం, కానీ రెసిస్టర్లకు అది ప్రమాదం కాదు. పెట్టెను యాంప్ మీద కాకుండా పక్కన పెట్టుకోవాలి.

యాంప్ నుంచి పెట్టెకు వెళ్లే తీగ మందమైన రెండు తీగల స్పీకరు కేబుల్ అయి ఉండాలి. గిటారుకు వాడే కేబుల్ లోపలి సన్నని తీగ ఈ కరెంటుకు వేడెక్కి తెగిపోవచ్చు, తెగితే యాంప్‌కు లోడ్ పోతుంది. అలాగే అటెన్యుయేటర్ పెట్టినంత మాత్రాన ట్యూబుల ఆయుష్షు పెరగదు. శబ్దం తక్కువగా వినిపిస్తున్నా 6వి6లు పూర్తి భారం మోస్తూనే ఉంటాయి, కాబట్టి బయాస్‌ను (ట్యూబుల్లో నిలకడగా పారే కరెంటును నిర్ణయించే అమరికను) అప్పుడప్పుడు చూసుకోవాలి. లోపల 400 వోల్టుల పైన ఉంటుంది. ప్లగ్గు తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది, వాటిని ఖాళీ చేసి మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి.

జూన్: రికార్డింగ్ కోసం రియాక్టివ్ లోడ్

రాత్రిపూట స్పీకరు అసలే మోగకుండా రికార్డు చేయాలంటే లోడ్ బాక్స్ కావాలి. ఇక్కడ రియాక్టివ్ లోడ్‌కు నిజమైన కారణం ఉంది: స్పీకరే లేనప్పుడు దాని ఇంపిడెన్స్ గీతను ఎవరో ఒకరు యాంప్‌కు చూపించాలి.

వలయంలో మూడు భాగాలున్నాయి. వాయిస్ కాయిల్ రెసిస్టెన్స్‌కు బదులుగా 6.8 ఓమ్‌లు. కోన్ కంపనానికి బదులుగా 10 మిల్లీహెన్రీల కాయిల్, 320 మైక్రోఫారడ్‌ల బైపోలార్ కెపాసిటర్, 100 ఓమ్‌ల రెసిస్టరు సమాంతరంగా. పై స్థాయికి 0.33 మిల్లీహెన్రీల కాయిల్, దానితో సిరీస్‌లో మరో 0.47 మిల్లీహెన్రీల కాయిల్. ఈ రెండోదానికి 22 ఓమ్‌లు సమాంతరంగా పెట్టాలి. స్పీకరులో ఇనుప ధ్రువం లోపల తిరిగే సుడి కరెంట్ల వల్ల ఇండక్టెన్స్ శుద్ధంగా ప్రవర్తించదు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదినే ఈ 22 ఓమ్‌లు అనుకరిస్తాయి.

10 మిల్లీహెన్రీల కాయిల్ అన్నిటికంటే కష్టమైన భాగం. ఉత్త గాలి కోర్‌తో చుడితే తీగ పొడవు, దాని రెసిస్టెన్స్ అతిగా పెరుగుతాయి. ఫెరైట్ కోర్ మీద ఉన్న ఒకదాన్ని పరీక్షిస్తే, చిన్న సిగ్నల్‌కు 89 హెర్ట్జ్ దగ్గర ఉన్న శిఖరం, పూర్తి శక్తి దగ్గర 100 హెర్ట్జ్ దాటిపోయింది. కోర్ నిండిపోయి ఇండక్టెన్స్ తగ్గిందన్నమాట. ఇక్కడ యాంప్ ఇచ్చే మొత్తం కరెంటు తక్కువే అయినా, కాయిల్, కెపాసిటర్ల మధ్య ఊగే కరెంటు దానికి ఆరేడు రెట్లు ఉంటుంది. కోర్ కనీసం 4 ఆంపియర్ల శిఖరాన్ని తట్టుకోవాలని లెక్క వేశాను.

ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే దుకాణంలో ‘E’, ‘I’ అక్షరాల ఆకారంలోని ఇనుప రేకుల మీద చుట్టించాను. ట్రాన్స్‌ఫార్మరుకు చేసినట్టు రేకులను అటూ ఇటూ మార్చి గుచ్చకుండా, ‘E’ రేకులన్నీ ఒక వైపు, ‘I’ రేకులన్నీ మరో వైపు పేర్చి, మధ్యలో గోధుమరంగు కాగితం పెట్టి ఖాళీ వదలాలి. ఇండక్టెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటరు కాయిల్‌కు తగిలించి ఉంచి, దుకాణదారు ఒక్కో కాగితం చేరుస్తూ, రేకులను చెక్క సుత్తితో తట్టి బిగిస్తూ ఉంటే, అంకె 14 నుంచి 12కు, 12 నుంచి 11కు దిగుతూ వచ్చింది. "సార్, ఇంకో కాగితం పెట్టమంటారా?" అని అడిగారు. పెట్టమన్నాను. 10.1 దగ్గర ఆపి, బోల్టులు బిగించి, వార్నిష్ పోశారు. రెసిస్టెన్స్ అర ఓమ్ వచ్చింది. పెట్టెలో అమర్చి గీత తీస్తే శిఖరం 89 హెర్ట్జ్ దగ్గర 45 ఓమ్‌లు, 400 దగ్గర 7, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 8.5, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 37. యాంప్‌ను పూర్తిగా తిప్పినా శిఖరం కదలలేదు.

లైన్ అవుట్ కోసం 10 కిలోఓమ్, 1 కిలోఓమ్ రెసిస్టర్లతో పదకొండో వంతు తీసుకుంటే 12 వోల్టులు 1.1 వోల్టులవుతాయి. ఆడియో ఇంటర్‌ఫేస్‌కు గ్రౌండ్ కలవకుండా మధ్యలో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను, హమ్ పూర్తిగా పోయింది. గిటార్ స్పీకరు 5 కిలోహెర్ట్జ్ పైన నిటారుగా పడిపోతుంది, మన లైన్ సిగ్నల్‌లో ఆ పతనం ఉండదు కాబట్టి కంప్యూటర్‌లో క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్ (స్పీకరు, క్యాబినెట్ల స్వరాన్ని అనుకరించే ఫైలు) తప్పక వేయాలి, లేకపోతే కందిరీగల రొదలా వినిపిస్తుంది.

జూలై: వినికిడి, నిర్ణయం

11 డెసిబెల్స్ తగ్గుదల దగ్గర యాంప్ స్వరం చెక్కుచెదరలేదు. 18 దగ్గరా అంతే. 22 దగ్గర తేడా తెలుస్తుంది, కానీ అది చెవిది, స్పీకరుది. ఒకటిన్నర వాట్‌లో సుమారు పన్నెండో వంతు చేరితే కోన్ వంగి పలికే గరుకుదనం రాదు, దాన్ని ఏ అటెన్యుయేటరూ తెచ్చి ఇవ్వలేదు. 29 దగ్గర సాధన చేసుకోవచ్చు, రికార్డు చేయను.

పూర్తిగా క్లిప్ చేసి వాయించేటప్పుడు రియాక్టివ్ లోడ్‌కూ రెసిస్టర్ల మెట్లకూ వేలికి తేడా తెలిసింది. క్లిప్పింగ్ మొదలవకముందు స్పీకరు మీది గీతను నిర్ణయించేది మూల ఇంపిడెన్స్ ఒక్కటే. క్లిప్పింగ్ మొదలయ్యాక మాత్రం ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర యాంప్ ముందు కుంగుతుందో లోడ్ నిర్ణయిస్తుంది. రియాక్టివ్ లోడ్ మీద కింది స్వరాలు మరింత వదులుగా, సాగినట్టు పలికాయి. తేడా ఉంది, కానీ ఎల్-ప్యాడ్‌కూ మూడు రెసిస్టర్ల వలయానికీ ఉన్న తేడా ముందు అది చిన్నది.

ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇది. 20 డెసిబెల్స్ లోపు తగ్గిస్తే చాలనుకునేవారు మూల ఇంపిడెన్స్ నిలబెట్టే రెసిస్టివ్ అటెన్యుయేటర్‌ను కట్టుకోవాలి, లేదా అలాంటిదాన్ని వెదికి కొనాలి. స్పీకరు వైపు ఇంపిడెన్స్ ఎంతో ప్రకటించని పరికరాన్ని వాట్లు చూసి కొనవద్దు. 30 డెసిబెల్స్ పైన తగ్గించి స్పీకరు మీదే వాయించాలనుకునేవారికి మళ్లీ యాంప్లిఫై చేసే పవర్ స్టేషన్ తరహా పెట్టె ఖర్చుకు తగినది, ఎందుకంటే అందులో తక్కువ శబ్దానికి తగ్గట్టు బాస్, ట్రెబుల్ సర్దుకోవచ్చు. రికార్డింగ్ మాత్రమే అవసరమైతే 8 ఓమ్‌ల రెడీమేడ్ రియాక్టివ్ లోడ్ కొనడం నయం. కాయిల్ చుట్టించే ఓపిక, గీత తీసి చూసుకునే ఆసక్తి ఉన్నవారికి పైన ఇచ్చిన విలువలు పనికొస్తాయి.

నా పెట్టెలో ప్రస్తుతం రెండు 11ల మెట్లు, ఒక 7 మెట్టు, వేరే జాక్ మీద రియాక్టివ్ లోడ్, లైన్ అవుట్ ఉన్నాయి. ముందు పలక మీద 8 ఓమ్‌లు అని పెద్ద అక్షరాలతో రాయించాను. 16 ఓమ్‌ల క్యాబినెట్‌కు విలువలన్నీ రెట్టింపు చేసి రెండో పెట్టె కట్టడం వచ్చే నెల పని.